ఏం లేదన్న మాట

అంబులెన్సు కోసం ఫోన్ చేస్తే అవతల ముందుగా పలికే గొంతు ఆమెది. చేసినవాళ్లు ఎంత గగ్గోలు పెట్టినా ఆ గొంతు వణకదు, హెచ్చదు. అందుకే ఆఫీసులో అందరూ ఆమెకు చల్లమ్మ అని పేరు పెట్టారు. ఇంకా నయం, పెరుగమ్మ అనలేదని ఆమే నవ్వేసేది.

అన్నయ్య పోయాక కూడా ఆ గొంతు మారలేదు. ఆయన సిటీ బస్సు నడిపేవాడు. ఒక మధ్యాహ్నం సిగ్నల్ దగ్గర బస్సు ఆపి స్టీరింగు మీద తల వాల్చాడు, మళ్లీ ఎత్తలేదు. ఆ సంగతి చెప్పిన ఫోన్ పక్క కుర్చీలో అమ్మాయికి వచ్చింది. అది తన అన్నయ్య గురించేనని చల్లమ్మకు సాయంత్రం దాకా తెలియలేదు. సెలవు అయిపోగానే వచ్చి మళ్లీ హెడ్‌ఫోన్ తగిలించుకుంది. పలకరించిన వాళ్లందరికీ ఏం లేదు, బాగానే ఉన్నానని చెప్పింది.

కొన్ని నెలల తర్వాత ఒకరోజు ఓ ముసలాయన ఫోన్ చేశాడు. భార్య వంటింట్లో పడిపోయిందట, ఊపిరి ఆడడం లేదట. బండి బయల్దేరిందని చెప్పి, ఛాతీ మధ్యలో రెండు చేతులూ పెట్టి గట్టిగా నొక్కమంది చల్లమ్మ. ఆయనతో పాటు తనూ లెక్కపెడుతూ వచ్చింది. ఉన్నట్టుండి ఆయన ఆపేశాడు.

"ఇంక వద్దులే అమ్మాయ్. దానికి నొప్పి పుడుతుంది" అన్నాడు.

నొప్పి పుట్టదు తాతగారూ, ఆపకండి అని బతిమాలింది. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు. కాసేపటికి తలుపు చప్పుడు, మనుషుల మాటలు, ఆపైన లైను కట్టయింది. తర్వాత ఏమైందో ఈ ఉద్యోగంలో ఎవరూ చెప్పరు. అప్పటికే ఇంకో ఫోన్ మోగుతోంది. ఎత్తింది.

ఇంటికి వచ్చేసరికి కూతురు బూట్లు గుమ్మానికి అడ్డంగా పడి ఉన్నాయి. దానికే ఇల్లు ఎగిరిపోయేలా అరిచింది. పిల్ల ఏడవలేదు. గోడకు అతుక్కుపోయి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు తల్లిని చూసింది. అప్పుడే వదిన లోపలికి వచ్చింది. పక్క వీధిలో కుట్టుమిషను పెట్టుకుని ఉంటుంది. పిల్ల గౌను పొడవు పెంచి తెచ్చింది. అరుపులు ఆమెకు బయటికే వినిపించాయి. ఏమైందని అడిగింది.

"ఏం లేదు వదినా."

వదిన గౌను మడత నలగకుండా కుర్చీ మీద పెట్టి, తను నేల మీదే చతికిలబడింది.

"మీ అన్నయ్యదీ ఇదే మాట. రాత్రి నిద్రలో పటపటా పళ్లు కొరికేవారు. ఆ చప్పుడుకి నాకు మెలకువ వచ్చేది. పొద్దున అడిగితే ఏం లేదనేవారు. పోన్లే, అలిసిపోయిన మనిషిని కదిలించడమెందుకని అటు తిరిగి పడుకునేదాన్ని."

వదిన లేచి, పద, అలా తిరిగొద్దామని పిల్ల చేయి కూడా పట్టుకుంది.

లాండ్రీ కొట్టు దాటారు. బడి గోడ పక్కన నడుస్తుండగా చల్లమ్మ ముసలాయన సంగతి ఎత్తుకుంది. నొప్పి పుడుతుందన్న మాట దగ్గరికి వచ్చేసరికి నడక ఆగిపోయింది. ఫుట్‌పాత్ అంచున కూలబడి, అన్నయ్య పోయిన నాడు కూడా ఏడవనంతగా ఏడ్చింది. వదిన ఊరుకోమనలేదు. పక్కనే కూర్చుని తనూ ఏడ్చింది. ఎవరిని ఓదార్చాలో తెలియక పిల్ల ఇద్దరి వీపులూ నిమిరింది. సంచులతో పోతున్న ఒకాయన ఆగి, అంబులెన్సును పిలవమంటారా అని అడిగాడు.

"అక్కర్లేదండీ, అంబులెన్సు ఈవిడే" అంది వదిన ముక్కు తుడుచుకుంటూ. ఆ ఏడుపులోనే ఇద్దరికీ నవ్వొచ్చింది.

ఇంటికి వెళ్లగానే పిల్లను ఒళ్లో కూర్చోబెట్టుకుని, తప్పు నీది కాదు, నాకు ఆఫీసులో బాధ కలిగిందని చెప్పింది. మర్నాడు పై అధికారి దగ్గరికి వెళ్లి, అలాంటి ఫోన్ వచ్చాక కాసేపు కుర్చీలోంచి లేవనివ్వమని అడిగింది. మనుషులు చాలరని ఆయన మొదట నసిగాడు. పక్క కుర్చీ అమ్మాయి కూడా వచ్చి నిలబడేసరికి సరేనన్నాడు. ఇప్పుడు ఎవరో ఒకరు మేడమీదికి వెళ్లి గాలి పీల్చుకుని వస్తున్నారు. కొన్ని రాత్రులు చల్లమ్మకు నిద్ర పడుతోంది, కొన్ని రాత్రులు పట్టడం లేదు.

సాయంత్రం నడక మాత్రం మానలేదు. మొన్న పార్కు మలుపులో వదిన ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఒక్కనాడైనా ఆయన్ని ఇలా చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి ఉంటే, వచ్చేవారంటావా?"

అన్నయ్య మొండితనం చల్లమ్మకు తెలుసు. అయినా వచ్చేవాడు కాదని అనబుద్ధి కాలేదు.

"ఏమో వదినా. మనం పిలవలేదుగా" అంది.

వదిన తలాడించింది. కొంగుతో కళ్లు ఒత్తుకుని, ఆడపడుచు మోచేయి పట్టుకుంది. ఇంటి వైపు తిరగాల్సిన చోట తిరగకుండా ఇద్దరూ ఇంకాస్త ముందుకు నడిచారు.