శోభ ఇంటర్వ్యూకు మందతో పోయినాం

రాండి, ఇంకొంచెం దగ్గరికి జరగండి. నా గొంతు శానా దూరం పోతాది గానీ ఈ సంగతి పక్కన కూర్చోని వింటేనే బాగుంటాది. ఎంత దూరం పోతాదో నాకెట్ల తెలుసనా? అదే చెప్తాండా.

మాది సింహాద్రిపురం పక్క. నూటిరవై గొర్రెలు. పంటలు కోసినాక ఒక చేన్లో రెండు రోజులు, ఇంగొక చేన్లో రెండు రోజులు ఎరువుకని మంద కట్టుకుంటా జమ్మలమడుగు దాటి పోతాం. ఇట్ల తిరిగే ఇంట్లో పిల్ల బడికి యాడ పోతాది? నా మనమరాలు శోభ ఐదో తరగతితో బడి మానేసింది. చదువు మాత్రం మానలేదు. మా కోడలు నాగులమ్మ ఇంటర్ పాసయింది గదా, గొర్రెల వెనకాల నడుస్తానే పాఠం చెప్పేది. పిల్ల తప్పు చెప్తే కట్టె దెబ్బ పక్కనున్న గొర్రెకు పడేది, పాపం. పరీక్షలు పులివెందులకు పోయి ఓపెన్ స్కూల్లో రాసింది. పదీ పాసయింది, ఇంటరూ పాసయింది.

ఒకనాడు, "జేజీ, నేను సౌండ్ రికార్డింగ్ నేర్చుకుంటా. సినిమాల్లో గాలి, వాన, అడుగుల చప్పుడు పెట్టేవాళ్ళు ఉంటారు, ఆ పని" అనింది.

"గాలి చప్పుడుకు జీతమిస్తారంటనే?"

"ఇస్తారు జేజీ."

"మీ నాయన పుట్టినప్పటినుంచి ఉత్తపుణ్యానికే వింటాండాడు గదే!"

పులివెందులలో పెండ్లి వీడియోలు తీసే నయీం దగ్గర మూడు నెలలు పని నేర్చుకునింది. ఆయప్ప ఒక పాత మైకు ఇచ్చినాడు. గాలి తగలకుండా దానికొక బొచ్చు టోపీ. అది ఊడిపోతే మా గొర్రె బొచ్చుతో నేనే కుట్టి ఇస్తి. ముందరిదానికంటే బాగా పన్జేసింది.

ప్రొద్దుటూరులో ఒక కాలేజీ ఆ చదువు పెట్టింది. సీట్లు పదైదే. ఎవురికి వాళ్ళు ఐదు నిమిషాల సౌండు తయారు చేసుకోని పోవాలంట. శోభ మా మంద చప్పుడు తీసింది. అందులో నేను మందను పిలిచే కేక. "హో... బా బా బా" అన్నానంటే శనగపొట్టు పెడతానని నూటిరవై ఉరికొస్తాయి.

"ఇంగోసారి పిలువు జేజీ, మోటర్‌సైకిల్ అడ్డమొచ్చింది."

పిలిస్తి. వచ్చినాయి.

"ఇంగోసారి, నువ్వు దగ్గినావు."

పిలిస్తి. వచ్చినాయి. తొమ్మిదోసారికి మా ముసలి గొర్రె నా మొగం చూసింది చూడండీ, అబద్ధాలకోరును చూసినట్ల చూసింది. పొట్టు పెట్టక తప్పలేదు.

ఇంటర్వ్యూ రోజే చేను మారాల్సొచ్చింది. రైతుకు మాటిచ్చినాం. నా కొడుకు చెన్నకేశవ, "కాలేజీ ముందరనే గదమ్మా దావ. మందను ఎదురుగా బీడు నేలలో నిలబెట్టుకుంటా, మీరు పోయిరాండి" అన్నాడు. సరేనని ఆడోళ్ళం ముగ్గురం లోపలికి పోతిమి. నేనెందుకంటారా? ఫారంలో చదువు చెప్పినోళ్ళు ఎవరు అన్న చోట కోడలి పేరు కింద నా పేరూ రాసింది శోభ. నేను రెండో తరగతి.

కండ్లద్దాల సార్ ఒకాయన కూర్చోనుండాడు.

"ఏ స్కూలు?"

"ఇల్లు సార్" అనింది శోభ.

"ఇల్లంటే ఎక్కడ?"

"ఒక తావున ఉండదు సార్."

ఆయన మూతి ముడిచి, సౌండు కొంచెం విని ఆపేసినాడు. "ఇంత శుభ్రంగా ఉందంటే ఇంటర్నెట్‌లో దించుకున్నదే. ఇంట్లో చదివిన పిల్ల చేసే పని కాదు. సీటు కష్టం."

పిల్ల కండ్లల్లో నీళ్ళు తిరిగినాయి.

"ఆ గొంతు నాది సార్" అంటి.

"ముసలివాళ్ళ గొంతులన్నీ ఒకేలా ఉంటాయమ్మా."

"అయితే గట్టిగా పెట్టి ఇనండి సార్, తెలుస్తాది" అనింది నాగులమ్మ.

ఆయన పంతానికి పోయి పెద్ద స్పీకర్లు పూర్తిగా పెంచినాడు. కిటికీలన్నీ తెరిచే ఉండాయి.

"హో... బా బా బా!"

రోడ్డవతల నూటిరవై తలలు ఒక్కసారి లేచినాయంట. చెన్నకేశవ అరిచినా ఒక్కటీ ఆగలేదు. గేటు, వరండా, వాకిలి, అన్నీ దాటుకోని రూము నిండినాయి. సార్ బల్లెక్కినాడు. ఒకటి ఆయన ఫైలు నమలబట్టింది. మా ముసలి గొర్రె స్పీకరు ముందర నిలబడి, పొట్టు యాడ అని అడిగినట్ల దాని మొగంలోకి అరిచింది.

"అమ్మా, వీటిని బయటికి పంపండమ్మా!"

"నేనెట్ల పంపేది సార్? ఆ గొంతు నాది కాదంటివే. ఇంటర్నెట్టోళ్ళను పిలిపించు."

"మీదే! మీదేనమ్మా!"

నేను నోరు తెరవబోతే బెంచీ కింద నుంచి శోభ, బొచ్చు మైకు పట్టుకోని, "జేజీ, ఒక్క నిమిషం ఆగు. సార్ కేక శానా బాగా పడతాంది!" అనింది.

మందను నేను పిలుచుకోని బయటికి పోయినాక సార్ దిగినాడు. హెడ్‌ఫోన్లు చెవులకు పెట్టుకోని పిల్ల తీసిందంతా విన్నాడు. గిట్టల చప్పుడు, కాగితం నమిలే చప్పుడు, మధ్యలో ఆయన కేక. ఫక్కున నవ్వేసి, పదైదు సీట్లలో మొదటి పేరు శోభదే రాసినాడు. ఫైలు తినేసినాయి గదా, కొత్త కాగితం మీద రాసినాడు.

ఇప్పుడా సార్ కొత్త పిల్లోళ్ళకు ఈ సంగతి చెప్తాండాడంట. చెప్పనీ. అయితే ఐదారు గొర్రెలొచ్చినాయంటాడంట, బల్లెక్కింది మింగేస్తాడంట. అందుకే మీకు చెప్తి. గుర్తుపెట్టుకోండి నాయనా, మీ పిల్లోళ్ళకు చెప్పండి. నూటిరవై. ఒక్కటి తగ్గించొద్దు. బల్ల సంగతి అస్సలు వదలొద్దు.