ఇంట్లో మరో చెవి

ఇంట్లో గుట్టుగా మాట్లాడుకున్నదంతా విడిపోయిన భర్తకు ఎలా చేరుతోందో తెలియక అక్క బిక్కచచ్చిపోయింది. రేడియో మెకానిక్ అయిన చెల్లెలు కంప్యూటర్‌కు రేడియో రిసీవర్ తగిలించి, ఇంట్లో దొంగ మైకు ఏదైనా సిగ్నల్ పంపుతోందేమోనని గాలించింది. తెర మీద అడ్డగీత తప్ప ఏమీ కనబడలేదు.

"అన్ని ఫ్రీక్వెన్సీలూ పడతాయన్నావుగా!"

"పడతాయక్కా. రేంజ్ అంటే ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా వినగలదో అది. బ్యాండ్‌విడ్త్ అంటే ఒక్కసారికి ఎంత మేర కనబడుతుందో అది. ఇప్పుడు మనకి కనబడేది చిన్న ముక్కే. జరుపుకుంటూ పోవాలి."

అలా జరుపుతుంటే ఒకచోట తెర మీది గీత నిటారుగా లేచింది. చెల్లెలు ఇయర్‌ఫోన్ తీసి అక్క చెవిలో పెట్టింది.

"ఏమైందే?" అంది అక్క. ఆ మాటే, ఆ గొంతుతోనే, ఆమె చెవిలో మోగింది.

చెల్లెలు నోటి మీద వేలుంచి, యాంటెన్నాతో గదంతా తిరిగింది. గోడ గడియారం దగ్గర గీత ఇంకా పైకెగిరింది. వెనక మూత తీస్తే లోపల వేలెడంత మైకు. అక్క పీకబోతే చెల్లెలు చెయ్యి పట్టుకుని ఆపి, చప్పుడు కాకుండా బయటికి తీసుకొచ్చింది.

"పీకితే బావకి తెలిసిపోతుంది. ఇంత చిన్నదాని సిగ్నల్ వీధి దాటదక్కా. వింటున్నాడంటే ఇక్కడే ఎక్కడో ఉన్నాడు."

అక్క వెనక్కి చూడలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకుని పోలీస్ స్టేషన్ వైపు నడిచింది.