రుద్రమ్మ ఇచ్చిన మిడ్‌ఫీల్డర్

అమీర్‌పేట ఫుట్‌బాల్ జట్టులో మిడ్‌ఫీల్డ్ ఆడే రమేశ్‌కు పుణెకు బదిలీ అయింది. ఆదివారాలు పంజగుట్ట టర్ఫ్ మీద ఆడే ఆ జట్టుకు ఆటగాళ్ల కంటే అభిమానులే ఎక్కువ. వాళ్లంతా పొద్దున్నే చేరేది మెట్రో స్టేషన్ వెనక సందులో ఉన్న రుద్రమ్మ టిఫిన్ సెంటర్లో. రమేశ్ పోయాక అక్కడ ఎవరికీ ఇడ్లీ సరిగా దిగడం లేదు.

ఒకరోజు కూరగాయల ఆటో మలుపు తిరుగుతుంటే క్యాబేజీ ఒకటి జారిపడింది. రెండు చేతులతో పెద్ద పిండి గంజు మోసుకొస్తున్న దోసె మాస్టర్ జగదీశ్ దాన్ని కాలితో ఆపి, పాదంతో లేపి, తిరిగి ఆటోలోకే వేశాడు. గంజులోంచి చుక్క ఒలకలేదు.

"చూసిన్రా సార్?" అన్నాడు సురేందర్. అతను సోమాజిగూడలో బీమా ఆఫీసు ఉద్యోగి, జట్టుకు మేనేజరు.

"చూశానండీ. మనకు కావలసిన మనిషి ఇతనే," అన్నాడు హనుమత్ప్రసాద్. ఏలూరు నుంచి వచ్చి అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చెప్పే ఈ అభిమానికి, యూరప్‌లో ఏ ఆటగాడి ఒప్పందం ఎప్పుడు ముగుస్తుందో నోటికి వచ్చు. ఆయన బంతిని తన్నగా చూసినవాళ్లు మాత్రం లేరు. "ముందు ఒక్క సీజన్‌కు తీసుకుందాం. నచ్చితే పొడిగిద్దాం."

"గట్లయితే పంజగుట్ట జట్టోళ్లు ఎత్కపోతరు సార్. మూడేండ్లకు రాయించుకోవాలె."

"మూడేళ్లా? మధ్యలో మోకాలు పోతే ఏంటి పరిస్థితి?"

"మోకాలి గురించి సుత రాద్దాం."

వారమంతా ఇదే వాదన. అభిమానులు రెండు వర్గాలై రెండు బల్లల దగ్గర కూర్చున్నారు. జగదీశ్ రెండు బల్లలకూ దోసెలు వేసి పంపుతూనే ఉన్నాడు. నీకు ఆట వచ్చా అని అతన్ని ఎవరూ అడగలేదు.

సంగతి రుద్రమ్మ చెవిన పడింది. ఆమె గల్లా ముందు నుంచి లేవకుండానే బేరానికి దిగింది.

"ఆదివారమే నాకు గిరాకి. మాస్టర్‌ను మీకిస్తే పెనం ముంగట ఎవరు నిలవడాలె?"

"ఎవరినన్నా పెడదాం అక్కా."

"ఎవరినో ఎందుకు? మీరే నిలవడున్రి. ఒకరు పెనం కాడ, ఒకరు బల్లలు తుడువ. ఇష్టమైతే రాసుకుందాం."

సురేందర్ ఒప్పుకున్నాడు, ఒప్పందం మూడేళ్లకేనని తేల్చాడు. చివరికి జగదీశ్‌ను పిలిచారు. అతను చేతులు తుడుచుకుని అంతా విన్నాడు.

"నాది ఒక్కటే మాట అన్నా. ఆడిపిచ్చినా ఆడిపియ్యకున్నా, గెలిచినా ఓడినా, మూడేండ్లు ఆదివారం దోసెల పని నాకు ఉండొద్దు."

"దీన్నే అంకితభావం అంటారు," అన్నాడు హనుమత్ప్రసాద్. ఆ సాయంత్రమే సంతకాలైపోయాయి.

ఎర్రమంజిల్ జట్టుతో మొదటి ఆట. వచ్చిన మొదటి బంతి జగదీశ్ కాళ్ల మధ్య నుంచి పోయింది. రెండోదాన్ని అతనే ఎంతో మర్యాదగా అవతలి జట్టుకు అందించాడు. కాసేపటికే డొక్క పట్టుకుని నిలబడిపోయాడు. విరామంలో సురేందర్ అతన్ని పక్కకు తీసుకుపోయాడు.

"ఇంతకుముందు ఏ జట్టుకు ఆడినవ్ తమ్మీ?"

"నేనెప్పుడు ఆడిన అన్నా? మాది సిరిసిల్ల. బట్ట నేసే సాంచాల కాడ చేతులు రెండూ పని మీదుంటయి. దారం కండె కిందపడితే కాలితోనే లేపి అందుకుంటం. గదే అలవాటు."

"ముందుగాల చెప్పొద్దా మరి?"

"అడుగుతరేమో అని చూసిన అన్నా. వారమంత చూసిన."

జట్టు చిత్తుగా ఓడింది. తర్వాతి ఆదివారం నుంచి జగదీశ్‌ను ఆడించలేదు. అతను భార్య చంద్రికతో ఇందిరా పార్కుకు పోయాడు. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి పగటిపూట బయటికి రావడం అదే మొదలు. ఏం చేయాలో తోచక చాలాసేపు చెట్ల పేర్ల పలకలు చదివారు.

టిఫిన్ సెంటర్లో సురేందర్ పెనం ముందు నిలబడ్డాడు. దోసెలు చిరిగాయి, మాడాయి, అతుక్కుపోయాయి. అయినా గిరాకి తగ్గలేదు. టక్ చేసుకున్న ఆఫీసరు పెనానికి నీళ్లు చల్లుతూ వెనక్కి గెంతడం చూడడానికే జనం వచ్చారు. హనుమత్ప్రసాద్ బల్లలు తుడుస్తూ ఒప్పందం రద్దు చేసుకునే మార్గాలు వివరించాడు. అలాంటిదేదీ రాసుకోలేదని రుద్రమ్మ గుర్తు చేసింది.

అట్లా కొన్ని ఆదివారాలు గడిచాక పంజగుట్ట జట్టు మేనేజరు శివరాములు వచ్చాడు. మాడిన దోసెను ముక్క మిగల్చకుండా తిన్నాడు.

"జగదీశ్‌ను మాకియ్యి సురేందర్ భాయ్. గీ పెనం పని సుత మేమే చేసుకుంటం."

సురేందర్ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. "ఎందుకు గంత ఫికర్ అతని గురించి?"

"తెల్వనట్టు అడుగుతవేంది? గంత పెద్ద ఆఫీసర్‌వి, వాని కోసం దోసెలు పోస్తున్నవ్. మైదానంలకు దింపకుంట దాస్తున్నవ్. ఫైనల్‌కు తెస్తవని మాకు తెల్వదా?"

సురేందర్, హనుమత్ప్రసాద్ ఒకరినొకరు చూసుకుని వంటింటి వెనక్కి పోయారు.

"పంజగుట్టవాళ్లు ఊరికే అడగరండీ. మనకు కనబడనిది వాళ్లకేదో కనబడింది."

"నాకు సుత గదే అనిపిస్తుంది సార్. క్యాబేజీ అయితే అబద్ధం కాదు గదా."

బయటికొచ్చి, ఇవ్వబోమని చెప్పేశారు. శివరాములు పోగానే, మళ్లీ ఎవరూ ఆశపడకుండా ఒప్పందాన్ని ఐదేళ్లకు పొడిగించారు. పెనం షరతు కూడా ఐదేళ్లేనని రుద్రమ్మ అన్నది. ఎవరూ కాదనలేదు.

సురేందర్ ఫోన్ చేసేసరికి జగదీశ్, చంద్రిక చెట్టు నీడన మక్కకంకులు తింటున్నారు. జగదీశ్ అంతా ఓపికగా విన్నాడు. చంద్రిక వైపు చూశాడు.

"సరే అన్నా. శనివారం సాయంత్రం సుత దోసెల పని ఉండొద్దు. జర ప్రాక్టీసుకని రాయున్రి."

రాశారు.