మోచేత్తో వేసిన మంచు

ఆగస్టు ఎండలకు టోక్యో నగరమంతా ఉడికిపోతుంటే ఇత్సుకో తమ ముందుగదిలో మంచు బొమ్మ తగిలించింది. అందులో వింతేమీ లేదు. వేసవిలో గోడకు మంచుకొండ పెట్టుకుని, దాన్ని చూసి చల్లబడ్డామనుకోవడం ఆ వాడలో ఇంటింటా ఉన్నదే. వచ్చిన చిక్కల్లా ఆమె ఎంచుకున్న బొమ్మతోనే.

ఆ రోజు ఆమె మామగారు తోకిజి సంవత్సరీకం. కొండల్నీ కోనల్నీ చెక్క అచ్చుతో కాగితం మీదికి దించడంలో నలభై ఏళ్లు చేయి తిరిగినవాడాయన. ఎండ ముదరకముందే కార్యం ముగించాలని పురోహితుణ్ణి ఏడింటికే రమ్మన్నారు. ఆయనతో కలిసి పనిచేసిన ముసలి అచ్చువాళ్లు ఐదుగురూ వస్తున్నారు.

అత్తగారు కినుయో అగరొత్తులు పట్టుకుని వచ్చి, గోడ వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"అమ్మాయ్, ఎక్కడ దొరికింది నీకది?"

"బీరువా అడుగు సొరుగులో అత్తయ్యా. మామయ్యగారి చివరి బొమ్మ కదా అని..."

"చివరిదే. చెడిపోయింది కూడాను. సగం కాగితం ఖాళీగా ఉంటే కనబడటంలా? ఇదేం పనయ్యా అని బొమ్మలమ్మే కొట్టువాడు తిప్పి పంపేశాడు. ఈయన మారుమాట్లాడకుండా తెచ్చి సొరుగులో పడేశాడు. చూపు ఆనడం లేదని పైకి చెప్పుకోలేకపోయాడు పాపం. ఇప్పుడు ఆ ఐదుగురి ముందూ ఆయన పరువు తీస్తావా? దించెయ్."

ఆమె మాటలో అబద్ధం లేదు. పైన ముదురు నీలం ఆకాశం, కొండ, కొండ కింద ఒక గుడిసె, దాని కిటికీలో పసుప్పచ్చని దీపం. అక్కణ్నుంచి కిందికంతా ఉత్త తెల్లకాగితం. కానీ ఇత్సుకో పుట్టింది ఇళ్ల కప్పుల దాకా మంచు పేరుకునే ఊళ్లో. ఆమె కళ్లకు ఆ తెలుపు ఖాళీగా అనిపించలేదు.

"మంచంటే అంతే కదత్తయ్యా, మా ఊళ్లో అయితే..."

"మీ ఊరి మంచు మీ ఊళ్లోనే పెట్టుకో!"

కోడలు బొమ్మ దించి, తూర్పు తలుపు పక్కన చాప మీద పక్కగోడకు ఆనించి, వేరే బొమ్మ తెద్దామని లేవబోయింది.

"వదినా! అందరికంటే ముందొచ్చాను. చల్లటి బార్లీనీళ్లు ముందు నాకే పొయ్యాలి!" అంటూ పెరట్లోంచి ఆ తలుపు బర్రున జరిపాడు జింపచి. తోకిజి పక్క బల్ల మీద ముప్పై ఏళ్లు అచ్చులు వేసినవాడు.

పొద్దుటి ఎండ ఏటవాలుగా చాప వెంబడి పాకి బొమ్మ మీద పడింది. లేవబోయిన ఇత్సుకో మోకాళ్ల మీదే ఉండిపోయింది.

ఆ తెలుపు లేచింది. గాలికి అలలు కట్టిన మంచు దిబ్బలు ఒక్కొక్కటే పైకి వచ్చాయి. వాటి మధ్య ఒక అడుగు. దాని ముందు ఇంకొకటి. గడ్డిచెప్పుల అల్లికతో సహా, మడమ దగ్గర లోతుగా, అలిసిన మనిషి నడిచినట్టు, అడుగు వెనక అడుగు గుడిసెలోని దీపం వైపు వెళ్తున్నాయి. ఎక్కడా చుక్క రంగు లేదు. ఇత్సుకో తన ఊపిరి తగిలితే అవి చెదిరిపోతాయేమోనని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అత్తయ్యా, ఒక్కసారి ఇలా రండి. ఇక్కణ్నుంచి, కిందికి వంగి చూడండి."

కినుయో కంటే ముందు జింపచి వంగాడు. ముక్కు కాగితానికి తగిలేంత దగ్గరకు జరిగాడు.

"ఓరి నీ దుంపతెగ, తోకిజీ! ఇది రంగు పూయని చెక్క వదినా. దానిమీద తడికాగితం పరిచి నొక్కడమే. చేతిబలం చాలదు, మోచేత్తో నొక్కాలి. ఇంత సన్నటి పని నా జన్మలో చూళ్లేదు. వెలుగు పక్కనుంచి పడితేనే ఆ ఎత్తుపల్లాలు తేలేది. ఎదురుగా దీపం పెట్టి చూస్తే ఏం కనబడుతుంది, ఆ కొట్టువాడి మొహం!"

"మోచెయ్యా?" అంది కినుయో.

ఆయన పోయేముందటి చలికాలమంతా తోకిజి కుడి మోచెయ్యి కమిలి వాచిపోయి ఉండేది. రోజూ ఉప్పు వేయించి మూటగట్టి కాపడం పెట్టింది ఆమే. "ఎక్కడ పడ్డావయ్యా, తాగొచ్చావా?" అని రోజూ తిట్టిందీ ఆమే. అతను నవ్వి ఊరుకునేవాడు. చూపు పోయి పని పాడుచేసుకున్నాడని ఏడాదిగా ఆమె ఎవరికీ చెప్పకుండా కుమిలింది. ఇప్పుడు చాప మీద కూలబడి ఆ అడుగుల్ని ఒక్కొక్కటే చూస్తూ పోయింది. గుడిసె దాకా వెళ్లేసరికి ఆమె కళ్లు నిండిపోయాయి.

"మొండిమనిషి. ఒక్కమాట చెప్పొచ్చుగా నాతో!"

ఇంతలో మిగతా నలుగురూ వచ్చారు. కినుయో వాళ్లను కూర్చోనివ్వలేదు. "పొద్దెక్కితే పోతాయి, త్వరగా చూడండి!" అని తొందరపెట్టింది. నల్లబట్టల్లో వచ్చిన ఆ పెద్దమనుషులందరూ వరసగా చెంపలు చాపకానించి పడుకుని చూశారు. పురోహితుడు గుమ్మంలో నిలబడి, ఎవరికి మొక్కుతున్నారో తెలియక తనూ వంగాడు.

మంత్రాలు పూర్తయ్యేసరికి ఎండ పైకి జరిగి, అడుగులు మాసిపోయి కాగితం మళ్లీ ఉత్త తెలుపైంది. ఇత్సుకో బొమ్మను గోడ మీదికి ఎక్కించబోతే అత్తగారు చెయ్యి పట్టుకుంది.

"పైన వద్దమ్మా, అక్కడే ఉండనీ. రేప్పొద్దున మళ్లీ ఇంటికొస్తాడు."