ఆడది దొరకని జాతి

నా పేరు పెట్టిన సాలీడు ఒకటి ఈ లోకంలో ఉండేది.

మా మ్యూజియంలో అందరూ నన్ను బొమ్మలావిడ అంటారు. స్పిరిట్ సీసాల్లోని సాలీళ్ళను మైక్రోస్కోపు కింద పెట్టి, కాలి మీది వెంట్రుకలతో సహా గీయడం నా పని. ముప్ఫై ఏళ్లుగా గీస్తున్నాను. బొమ్మలు నావి, వ్యాసాల మీద పేరు మాత్రం మా విభాగం పెద్దాయనది. అది ఆయన మనసులో గుచ్చుకుందో ఏమో, ఇరవై ఏళ్ల కిందట ఒక చిన్న నల్ల సాలీడును కొత్త జాతిగా ప్రకటిస్తూ దానికి నా పేరు పెట్టారు. ఆ రోజు నా కాళ్లు నేల మీద నిలవలేదు. మా ఆయనైతే ఇంటికి ఎవరొచ్చినా బూజుకర్ర పట్టుకుని, "దులపనా? మీవాళ్లెవరైనా ఉన్నారా?" అని నన్ను ఆటపట్టించేవారు.

కిందటేడు పెద్దాయన రిటైరయ్యేలోగా సాలీళ్ళన్నిటితో ఒక పుస్తకం తేవాలనుకున్నారు. ప్రతి జాతికీ ఆడదాన్నీ మగదాన్నీ గీయమన్నారు. నా పేరున్న జాతిలో మగదాన్ని గీశాను. ఆడదాని కోసం నలభై ఒక్క సీసాలు తీశాను. అన్నీ మగవే. పక్క అరలో, అవే గోడల మీద దొరికే పెద్ద గోధుమరంగు సాలీడు ఉంది. దానికి వందేళ్ల కిందటే ఎవరో పన్నుల అధికారి పేరు పెట్టారు. ఆ సీసాలూ తీశాను. అన్నీ ఆడవే.

ఈ రెండూ ఒకే జాతేమోనని అనుమానం వచ్చింది. బీరువా మూసేసి ఊరుకుంటే నా పేరు నాకు ఉండేది. కానీ చూసినదాన్ని చూడలేదనుకోవడం నాకు చేతకాదు.

నీళ్ల పంపు గది వెనక, గోధుమరంగు సాలీడు కాపలా కాస్తున్న గుడ్ల సంచిని తెచ్చాను. పిల్లలు బయటికొచ్చాక ఒకదాన్నొకటి తినకుండా విడివిడి సీసాల్లో పెట్టి, పండ్ల మీద ముసిరే బుల్లి ఈగలు వేసి ఐదు నెలలు పెంచాను. కొన్ని పెద్ద గోధుమరంగు ఆడవయ్యాయి. కొన్ని చిన్న నల్ల మగవయ్యాయి. అన్నీ ఒక్క తల్లి పిల్లలే.

ఒకే జాతికి పొరపాటున రెండు పేర్లు పడితే, ముందు పెట్టిందే నిలుస్తుంది. అది మా శాస్త్రంలో నియమం.

పెద్దాయన ఆ సీసాలు ఒక్కొక్కటే వెలుతురులో పట్టి చూసి, బల్ల మీద పెట్టేశారు.

"పుస్తకం అచ్చుకెళ్తోందమ్మా. ఆడది ఇంకా దొరకలేదని రాసేద్దాం."

"దొరికింది కదా సార్."

"మీ పేరు పోతుంది. ఆ పన్నులాయన పేరు మిగుల్తుంది. ఆయన సాలీడును కన్నెత్తి చూశాడో లేదో! మీ కోసమే చెప్తున్నాను."

నాకు ఒళ్లు మండింది. "నా కోసమైతే వద్దు సార్. తప్పు మీదని బయటపడుతుందనేగా మీ భయం?"

ఆయన మొహం కందగడ్డలా అయింది. "బొమ్మలు గీయడానికి ఇంకెవరూ దొరకరనుకున్నారా?"

"దొరుకుతారు, గీయించుకోండి. వీటిని రెండు జాతులుగా నేను మాత్రం గీయను."

ఇంటికెళ్లి చెబితే మా ఆయన నవ్వలేదు. "ఇన్నేళ్లకు నీకు దక్కింది అదొక్కటే కదా. ఊరుకోరాదూ?"

"మీరూనా?" అన్నాను. వంటింట్లో కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఏడ్చి, మొహం కడుక్కుని, బల్ల మీద కాగితం పరిచాను.

ఆడదాన్నీ మగదాన్నీ పక్కపక్కన గీశాను. కింద ఒక్కటే పేరు రాశాను, ఆ పన్నులాయనది. ఏం చూశానో, ఎలా పెంచానో ఒకటిన్నర పేజీ రాశాను. నా పేరున్న జాతి వేరే జాతి కాదని, ఆ పేరు ఇక చెల్లదని చివర్లో నేనే రాశాను. పెద్దాయన్ని అడక్కుండానే పత్రికకు పంపించాను.

నాలుగు నెలలకు అచ్చయింది. ఆ సంచికను పెద్దాయనే తెచ్చి నా ముందు పెట్టారు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మీ పేరు మీ చేత్తోనే కొట్టేసుకున్నారు. బాధగా లేదా?"

"ఎందుకుండదు సార్, చాలా ఉంది," అన్నాను. "మీరు పేర్లు పెట్టిన మిగతా వాటి బీరువా తాళాలు ఇలా ఇవ్వండి."