ఆయుధపూజ నాడు విప్పిన గొట్టం

మా కాలేజీలో నాకంటే తెలివైనవాడు లేడని 1954లో నాకు గట్టి నమ్మకం. కడపలో కూర్చుని సముద్రపు లోతుల్లో బాక్టీరియా ఎలా బతుకుతుందో తేలుస్తానంటే తోటి లెక్చరర్లు పగలబడి నవ్వారు. "పెన్నలోనే నీళ్లు లేవు, నీకు సముద్రం కావాల్నా?" అన్నారు. పీరియడ్లన్నీ సినిమా కబుర్లతో గడిపే ఆ పెద్దమనుషులకు జవాబు చెప్పడం కూడా దండగ.

మద్రాసు తీరం నుంచి బురద తెప్పించాను. ప్రొద్దుటూరులో ఒక పత్తిమిల్లు వాళ్లను బతిమాలి, బేళ్లు నొక్కే యంత్రం తాలూకు పాత పంపు తెచ్చి మందపాటి ఉక్కు గొట్టానికి బిగించాను. దానితో రెండున్నర మైళ్ల లోతులో ఉండేంత ఒత్తిడి పెట్టవచ్చు. అంత ఒత్తిడిలో ఈ బాక్టీరియా పెరుగుతుంది గానీ రెండుగా చీలదు. నూలుపోగులా పొడుగ్గా సాగుతుంది. ఒత్తిడి తీసేస్తే ఒక్క రోజులో ముక్కలైపోయి మామూలుగా కనిపిస్తుంది. ఆ పోగుల్ని కళ్లారా చూస్తే నాకు పరిశోధన సీటు ఇస్తానని మద్రాసు ప్రొఫెసర్ ఒకాయన రాశాడు. దసరా మర్నాడు వస్తానన్నాడు.

మూడు నెలలుగా పంపు కొడుతున్నది అటెండరు ఓబన్న. "లోపల ఏముండాది సార్?" అని ఒకనాడు అడిగాడు.

"చెప్తే నీ బుర్రకెక్కుతుందా? కొట్టు" అన్నాను.

గొట్టానికి తెరవవద్దని ఇంగ్లీషులో కాగితం అంటించి, పండక్కి ఊరెళ్లాను.

దసరా మర్నాడు ప్రొఫెసర్‌ను స్టేషన్ నుంచి వెంటబెట్టుకుని వచ్చేసరికి గొట్టం తళతళలాడుతోంది. ఒత్తిడి చూపే ముల్లు సున్నా మీద ఉంది. ఆయుధపూజకని ల్యాబులో తక్కెడ, మైక్రోస్కోపు కడిగి బొట్లు పెట్టిన ఓబన్న, దీని మూతా విప్పి, మరలు తుడిచి, మళ్లీ బిగించాడు. నా కాగితానికి కూడా కుంకుమ పెట్టాడు.

ప్రొఫెసర్ మైక్రోస్కోపులోకి చూశాడు. అన్నీ పొట్టివే, మామూలువే.

"ఈ మొద్దు విప్పేశాడు సార్!" అని అరిచాను.

ఓబన్న బిత్తరపోయాడు. "సారుకు ఇది పానం గదా, దీనికొక్కదానికి పూజ లేకుంటే ఎట్లా అనుకుంటి. లోపల బతికిండేవి ఉండాయని నాకెవురు చెప్పినారు?"

ప్రొఫెసర్ నా వైపు తిరిగాడు. "మూడు నెలలు పంపు కొట్టిన మనిషికి చెప్పలేదా?"

ఆయన సీటు మాటెత్తకుండానే సాయంత్రం మెయిలెక్కాడు. స్టేషన్ నుంచి నడిచి వస్తుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

మర్నాడు ఓబన్న నాకంటే ముందే వచ్చి పంపు దగ్గర నిలబడ్డాడు.

"మళ్లా కొడతా సార్. ఈతూరి లోపల ఏముండాదో చెప్పు."

చెప్దామనే నోరు తెరిచాను. ఇంగ్లీషు తప్ప ఒక్క మాట రాలేదు.