ఇంకా డెమోలేనా?

మధులతకు ఏదైనా ఎంచుకోవడమంటే ప్రాణసంకటం. కంప్యూటర్ కోర్సులో చేరే ముందు అమీర్‌పేట సందులన్నీ తిరిగి, ఎక్కడ ఉచిత డెమో క్లాసుంటే అక్కడ కూర్చుంది. వీర్రాజు గారి డెమోకైతే మూడు బ్యాచ్‌లలో హాజరైంది. మూడోసారి ఆయన కళ్లజోడు పైనుంచి చూసి, "ఏమ్మా, ఇంకా డెమోలేనా?" అన్నారు. క్లాసంతా గొల్లుమంది. ఆ సిగ్గుతోనే అక్కడ చేరిపోయింది.

అలాంటి పిల్లను పట్టుకుని, పంజాగుట్టలో ఆమె పనిచేసే చిన్న కంపెనీ యజమాని చలపతిరావు ఎంచుకోమన్నాడు! ఫొటోలు చూసి మంచి మిరపకాయల్లోంచి తాలు కాయలను ఏరే ఏఐ మోడల్ తయారు చేయడం వాళ్ల పని. తేజ అనే కుర్రాడు బ్రహ్మాండంగా చేసి, వేరే ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కొత్త పంట ఫొటోలు కలిపి మళ్లీ నేర్పమని, దాన్ని వాడే మిర్చి వ్యాపారి అడిగితే, తేజ ఫోల్డర్లో ‘ఫైనల్’, ‘కొత్త ఫైనల్’, ‘పక్కా ఫైనల్’ కనిపించాయి. దేనికి ఏ ఫొటోలతో నేర్పాడో ఆ దేవుడికే ఎరుక. మళ్లీ నేర్పితే మోడల్‌కు తాలుకీ మంచికీ తేడా తెలియకుండా పోయింది.

"శనివారం ఆ వ్యాపారి వస్తారమ్మా. ఈసారి తప్పితే ఉన్న ఒక్క కస్టమరూ పోతాడు. మోడల్‌కి ఎలా నేర్పామో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్ టూల్ ఏదో నువ్వే తేల్చు" అన్నాడు చలపతిరావు.

వడపోయగా రెండు మిగిలాయి. ఒకటి రంగురంగుల గ్రాఫులతో పెళ్లికూతురిలా ఉంది. రెండోది మొహం కడుక్కోనట్టుంది. పైగా ఏ ఫొటోలతో నేర్పుతున్నామో రాయనిదే మొదలే కాదు, దాని మొండితనానికి మధులత రోజూ తిట్టుకునేది. మనసు మొదటిదాని మీదే ఉంది, ధైర్యం మాత్రం చాల్లేదు. సాయంత్రం మధురానగర్ హాస్టల్‌కు పోవాల్సిన కాళ్లు వీర్రాజు గారి దగ్గరికి తీసుకెళ్లాయి.

"నన్నడిగితే ఏం లాభమమ్మా? నేను డెమో ఇస్తే ఏదైనా బాగానే ఉంటుంది. నువ్విచ్చినా అంతే. నువ్వు సెలవు పెట్టిన రోజు వాడేదెవరు? వాళ్ల చేతికిచ్చి, నువ్వెళ్లి టీ తాగు" అన్నారాయన.

మర్నాడు కొత్తగా చేరిన మంజూషను పిలిచింది. "గీ రెండిట్ల నేను చేసిన మోడల్‌నే నువ్వు మళ్ల జెయ్యి. నన్నేం అడగొద్దు" అని చెప్పి టీకి వెళ్లింది.

తిరిగొచ్చేసరికి మంజూష తల గోక్కుంటోంది. "గ్రాఫులు భలే ఉన్నాయక్కా. కానీ ఏ ఫొటోలతో నేర్పారో ఎక్కడా లేదు. ఆ రెండోదాంట్లో మాత్రం అన్నీ ఉన్నాయి, మీకొచ్చినట్టే వచ్చేసింది."

మధులత వెళ్లి చూసుకుంది. మొదటి టూల్లోనూ ఆ వివరం రాసే చోటుంది, తనే రాయలేదు. తేజను ఇన్నాళ్లూ తిట్టిన తనూ అదే తప్పు చేసింది. రాయందే కదలని ఆ మొండిదాన్నే ఎంచుకుంది.

శనివారం వ్యాపారి ముందు మోడల్ నడిపింది మంజూషే. మధులత వేలు కూడా పెట్టలేదు. తాలు కాయ ఒక్కటీ తప్పించుకోలేదు. "మళ్లీ మొదట్నుంచి నేర్పి చూపించండి" అన్నాడాయన నమ్మకం చాలక. మళ్లీ అదే ఫలితం. చలపతిరావు కుర్చీలో వెనక్కి వాలి హమ్మయ్య అనుకున్నాడు.

ఆఫీసు నుంచి మధులత నేరుగా అమీర్‌పేట వెళ్లింది. వీర్రాజు గారు కొత్త బ్యాచ్‌కు డెమో ఇస్తున్నారు. చప్పుడు చేయకుండా చివరి బెంచీలో కూర్చుంది. ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు.

"ఏమ్మా, ఇంకా డెమోలేనా?"

క్లాసంతా గొల్లుమంది. ఆమెకు మాత్రం కళ్లు చెమర్చాయి.

"లేదు సార్, ఎంచుకున్న. మీకు దండం పెట్టిపోదామని వచ్చిన."